తెలుగు గొంతుతో టాక్‌బ్యాక్: స్క్రీన్ చూడకుండా ఫోన్ వాడటం ఎలా?

టాక్‌బ్యాక్ అంటే ఆండ్రాయిడ్ ఫోన్లలోని స్క్రీన్ రీడర్, స్క్రీన్ మీదున్నదాన్ని పైకి చదివి వినిపిస్తుంది. దాని గురించి మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్నలు రెండు. ఒకటి: "టాక్‌బ్యాక్ ఆన్ చేశాం. ఏది ముట్టుకున్నా మాట్లాడుతోంది, ఏదీ తెరుచుకోవడం లేదు, ఆపుదామన్నా ఆగడం లేదు. ఏం చేయాలి?" రెండు: "ఇంగ్లిష్ గడగడా చదువుతుంది, తెలుగు మెసేజ్ వస్తే నోరు మూసుకుంటుంది. ఎందుకు?" ఈ రెండూ తేలకుండానే వేళ్ల కదలికలు నేర్చుకోబోయి చాలామంది రెండో రోజుకే విసిగిపోతారు. అందుకే ఇక్కడ ముందు ఫోన్‌ను సిద్ధం చేద్దాం. వేళ్ల సంగతి ఆ తర్వాత.

ఇది ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం రాసింది. ఐఫోన్ వాడేవారికి కావలసిన నాలుగు మాటలు చివర్లో ఉన్నాయి. చూపు తగ్గి మీరే వాడుకోబోతున్నా, ఇంట్లో ఒకరికి నేర్పుతున్నా వరుస ఇదే. నేర్పేవారు ఒక్కటి గుర్తుంచుకోండి: ఎదుటివాళ్ల వేలు పట్టుకుని స్క్రీన్ మీద తిప్పకండి. అలా తిప్పితే వాళ్లకు గుర్తుండేది మీ చెయ్యి. గుర్తుండాల్సింది ఫోన్ చెప్పే మాట.

ఇంకో మాట. చూపు కొంత ఉండి, అక్షరాలు మాత్రమే ఆనడం లేదంటే టాక్‌బ్యాక్ దాకా రానక్కర్లేకపోవచ్చు. టాక్‌బ్యాక్ ఉండే చోటే, సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీ పేజీలో, మాగ్నిఫికేషన్ ఉంటుంది, అది స్క్రీన్‌ను పెద్దది చేసి చూపిస్తుంది. సెలెక్ట్ టు స్పీక్ కూడా ఉంటుంది. దాని బటన్ నొక్కి, చదవాల్సిన చోట వేలు పెడితే అంతవరకే చదువుతుంది. ఈ రెండింటితో ఫోన్ వాడే తీరు మారదు. టాక్‌బ్యాక్‌తో మాత్రం వేలి అలవాట్లన్నీ మారతాయి.

కావలసినవి

- ఆండ్రాయిడ్ ఫోన్. టాక్‌బ్యాక్ చాలా ఫోన్లలో ముందే ఉంటుంది. లేకపోతే ప్లే స్టోర్‌లో "ఆండ్రాయిడ్ యాక్సెసిబిలిటీ సూట్" అని వెతికి పెట్టుకోండి. రెండు మూడు వేళ్లతో చేసే పనులు చాలావరకు 2021లో వచ్చిన 9.1 వెర్షన్ నుంచే ఉన్నాయి. ఫోన్ పాతదైతే ముందు అప్‌డేట్ చేయండి.
- తెలుగు గొంతు దించుకోవడానికి వైఫై.
- వైరున్న ఇయర్‌ఫోన్. బ్లూటూత్‌ది కూడా పని చేస్తుంది కానీ మాట కాస్త ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి మొదటి అక్షరం మింగేస్తుంది. నేర్చుకునే రోజుల్లో ఆ చిన్న ఆలస్యమే తికమక పెడుతుంది.
- అంచు కాస్త పైకి లేచిన కవర్. స్క్రీన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలికి తెలియాలి. బుడగలు పట్టిన స్క్రీన్ గార్డు ఉంటే తీసేయండి, స్పర్శ సరిగా అందదు.
- గూగుల్ ఖాతా పాస్‌వర్డ్, ఫోన్ పిన్. రెండూ నోటికి వచ్చి ఉండాలి.

మొదటి భాగం: ఆన్ చేయకముందే చేయాల్సినవి

ఈ ఆరు పనులు టాక్‌బ్యాక్ ఆఫ్‌లో ఉండగానే చేసేయండి. చూపున్నవారు పక్కనుంటే పది నిమిషాల పని. ఎవరూ లేకపోతే, కొత్త ఫోన్ మొదటిసారి ఆన్ అయినప్పుడు వచ్చే స్వాగతం పేజీలో రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి కొన్ని సెకన్లు పట్టుకోండి. టాక్‌బ్యాక్ మొదలై తనే దారి చూపిస్తుంది.

మెనూ పేర్లు ఒక్కో కంపెనీ ఫోన్లో కొంచెం తేడాగా ఉంటాయి. దొరకకపోతే సెట్టింగ్స్ పైనున్న సెర్చ్‌లో ఆ పేరు కొట్టండి.

1. ఆపే దారి ముందు పెట్టుకోండి. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, టాక్‌బ్యాక్ తెరిచి, అందులో టాక్‌బ్యాక్ షార్ట్‌కట్ ఆన్ చేసి, వాల్యూమ్ బటన్లను ఎంచుకోండి. ఇకపై రెండు వాల్యూమ్ బటన్లనూ కలిపి మూడు సెకన్లు పట్టుకుంటే ఆన్ అవుతుంది, మళ్లీ పట్టుకుంటే ఆఫ్ అవుతుంది. మొదటిసారి ఒక ప్రశ్న రావచ్చు, ఒప్పుకోండి. ఇప్పుడే రెండు మూడుసార్లు ఆన్, ఆఫ్ చేసి చూడండి. ఇది కుదిరాకే ముందుకు వెళ్లండి.

2. తెలుగు గొంతు దించండి. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, టెక్స్ట్-టు-స్పీచ్ అవుట్‌పుట్. ఇంజిన్ దగ్గర గూగుల్ వారిది ఎంచుకోండి, దాని పేరు "స్పీచ్ రికగ్నిషన్ అండ్ సింథసిస్ ఫ్రమ్ గూగుల్" అనో, పాత ఫోన్లలో "స్పీచ్ సర్వీసెస్ బై గూగుల్" అనో ఉంటుంది. దాని పక్కనున్న పళ్లచక్రం గుర్తు నొక్కి, వాయిస్ డేటా ఇన్‌స్టాల్‌లోకి వెళ్లి తెలుగు డౌన్‌లోడ్ చేయండి. తర్వాత వెనక్కి వచ్చి లాంగ్వేజ్‌లో తెలుగు పెట్టండి. డౌన్‌లోడ్ చేసి భాష మార్చడం మరిచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. డేటా దిగినా గొంతు ఇంగ్లిష్‌లోనే ఉండిపోతుంది, ఇంగ్లిష్ గొంతు తెలుగు లిపి వస్తే చాలాసార్లు ఏమీ అనకుండా దాటేస్తుంది. రెండో ప్రశ్నకు జవాబు ఇదే.

3. వేగం తగ్గించండి. అదే పేజీలో స్పీచ్ రేట్ ఉంటుంది. సగానికి కాస్త కింద పెట్టి, నమూనా వినిపించే బటన్ నొక్కి వినండి. వారం తిరిగేసరికి మీకే నెమ్మదిగా అనిపిస్తుంది, అప్పుడు కొంచెం కొంచెంగా పెంచుకోండి. అలవాటైనవారి ఫోన్ వేగం చూసి మొదటి రోజే అంత పెట్టుకోవద్దు.

4. స్క్రీన్ ఆరిపోయే సమయం పెంచండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమవుట్ ముప్పై సెకన్లుంటే అయిదు నిమిషాలో, పది నిమిషాలో చేయండి. ఆలోచించుకునేలోపు స్క్రీన్ ఆరిపోతే మళ్లీ లాక్ తీయాలి. కొత్తవాళ్లకు ఇంతకంటే విసుగు పుట్టించేది లేదు.

5. గీత గీసే లాక్ తీసేసి పిన్ పెట్టండి. ప్యాటర్న్ చుక్కలు చూడకుండా కలపడం కష్టం. పిన్ అంకెలను ఫోన్ చదివి చెబుతుంది. వేలిముద్ర కూడా పెట్టుకుంటే రోజూ పిన్‌తో పని ఉండదు. ముద్ర గుర్తించే చోటు బటన్ మీదో, వెనకో ఉన్న ఫోన్లు ఈ విషయంలో మేలు. స్క్రీన్ లోపల ఉంటే ఆ చోటు చేతికి తెలియదు.

6. హోమ్ స్క్రీన్ ఖాళీ చేయండి. ఫోన్, మెసేజ్‌లు, కాంటాక్ట్స్, రోజూ వాడే మరో రెండు మూడు యాప్‌లు చాలు. ఫోన్ యాప్‌ను అడుగున ఎడమ మూలన పెట్టండి, కవర్ అంచు పట్టుకుని అక్కడికి వేలు సులువుగా చేరుతుంది. ఇక అక్కడి నుంచి దాన్ని కదపకండి.

బ్యాటరీ పొదుపు మరీ కఠినంగా ఉండే ఫోన్లలో ఇంకో పనుంది. బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ యాక్సెసిబిలిటీ సూట్‌కూ, పైన ఎంచుకున్న గూగుల్ స్పీచ్ ఇంజిన్‌కూ ఆంక్షలు తీసేయండి. లేకపోతే టాక్‌బ్యాక్ దానంతటదే ఆగిపోవచ్చు.

రెండో భాగం: మొదటి రోజుకు అయిదు కదలికలు

వాల్యూమ్ బటన్లు పట్టుకుని టాక్‌బ్యాక్ ఆన్ చేయండి. ఇప్పటి నుంచి స్క్రీన్ పద్ధతి వేరు. ముట్టుకోవడం అంటే అడగడం. రెండుసార్లు తట్టడం అంటే తెరవమనడం. మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇదే: ఒక్కసారి నొక్కితే ఏదీ తెరుచుకోదు, పేరు చెబుతుంది అంతే.

1. వేలు ఆనించి మెల్లగా జరపండి. వేలి కింద ఏముంటే అది చదువుతుంది. వేలు ఎత్తినా ఫోకస్, అంటే ఫోన్ ఎంచుకుని ఉన్న చోటు, అక్కడే ఉంటుంది.

2. ఒక వేలితో కుడివైపు చిన్నగా స్వైప్ చేయండి, తర్వాతి అంశం చదువుతుంది. ఎడమవైపు చేస్తే ముందటిది. స్క్రీన్ మీద ఎక్కడ చేసినా సరే, ఆ అంశం మీదే చేయనక్కర్లేదు. వేలు ఆనించి నెమ్మదిగా లాగితే ఫోన్ దాన్ని వెతుకులాట అనుకుంటుంది. బట్టల మీద పడ్డ పిండి దులిపినట్టు చురుగ్గా ఉండాలి.

3. కావలసిన పేరు వినగానే డబుల్ ట్యాప్ చేయండి. ఇది కూడా స్క్రీన్ మీద ఎక్కడైనా సరే. విన్న తర్వాత ఆ అంశాన్ని మళ్లీ వెతుక్కుని దాని మీదే తట్టాలనుకోవడం కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు. అలా వెతికేటప్పుడు వేలు పక్కదాన్ని తాకుతుంది, ఫోకస్ అక్కడికి పోతుంది, వేరేది తెరుచుకుంటుంది. వేలు ఎత్తి ఖాళీగా ఉన్న చోట టకటకా రెండుసార్లు తట్టండి. రెండు తట్లకూ మధ్య ఎడం ఎక్కువైతే రెండు విడి తట్లుగా లెక్కేసుకుంటుంది.

4. రెండు వేళ్లతో పైకి జరిపితే పేజీ ముందుకు పోతుంది, కిందికి జరిపితే వెనక్కి వస్తుంది. వేళ్ల మధ్య వేలెడు సందు ఉంచండి. అతుక్కుపోయి ఉంటే ఒకే వేలు అనుకుంటుంది.

5. రెండు వేళ్లతో ఒక్కసారి తడితే మాట ఆగుతుంది, మళ్లీ తడితే సాగుతుంది. పక్కన ఎవరైనా పలకరించినప్పుడు మొదట కావలసింది ఇదే.

మొదటి రోజు ఇవే. టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లో ట్యుటోరియల్ ఉంటుంది, అందులో కదలికలు సాధన చేసే పేజీ కూడా ఉంది. అక్కడ ఏం చేసినా ఏమీ తెరుచుకోదు, మీరు చేసిన కదలిక పేరు మాత్రం చెబుతుంది. మీ వేలు ఏం చేస్తోందో, ఫోన్ దాన్ని ఏమనుకుంటోందో తేల్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

మూడో భాగం: ఒక కాల్ చేసి చూద్దాం

1. పవర్ బటన్ నొక్కండి. టైమ్ చెబుతుంది. లాక్ ఉంటే రెండు వేళ్లతో అడుగు నుంచి పైకి జరపండి.

2. పిన్ అంకెలు వస్తాయి. వేలు ఆనించి జరుపుతూ పోతే "ఒకటి, రెండు" అని వినిపిస్తుంది. కావలసిన అంకె విన్నాక కొన్ని ఫోన్లలో వేలు ఎత్తితే చాలు, కొన్నింటిలో డబుల్ ట్యాప్ కావాలి. మొదటి అంకెతోనే తెలిసిపోతుంది. ఇయర్‌ఫోన్ లేకుండా పిన్ కొడితే చుట్టుపక్కలవాళ్లకు వినిపించే ప్రమాదం ఉంది. టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్‌లు పలకాలా వద్దా అన్న ఆప్షన్ ఉంది, అది ఎలా ఉందో ఒకసారి చూసుకోండి.

3. అడుగున ఎడమ మూలకు వేలు పోనివ్వండి. "ఫోన్" అనగానే వేలు ఎత్తి డబుల్ ట్యాప్.

4. కాంటాక్ట్స్ ట్యాబ్ కోసం కుడికి స్వైప్ చేస్తూ వెళ్లండి, లేదా అడుగు భాగంలో వేలితో వెతకండి. పేరు దొరకగానే డబుల్ ట్యాప్. కొన్ని ఫోన్లలో పేరు తెరుచుకున్నాక "కాల్" బటన్ మీద మళ్లీ డబుల్ ట్యాప్ చేయాలి.

5. కాల్ ముగించడానికి రెండు వేళ్లతో డబుల్ ట్యాప్. వచ్చిన కాల్ ఎత్తడానికీ అదే.

చెవి దగ్గర పెట్టుకుంటే స్క్రీన్ ఆరిపోతుంది, అప్పుడు తట్టినా వినదు. ఫోన్‌ను చెవికి దూరం జరిపి ఒక క్షణం ఆగి తట్టండి. ఇది కుదరనివారికి మరో దారి: యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో పవర్ బటన్‌తో కాల్ ముగించే ఆప్షన్ ఉంటుంది. అది ఆన్ చేస్తే, కాల్ మధ్యలో అలవాటుగా పవర్ నొక్కినా కాల్ పోతుందని గుర్తుంచుకోండి.

నాలుగో భాగం: వెనక్కి, ఇంటికి, మెనూకి

ఇవి మూల తిరిగే కదలికలు. వేలు ఎత్తకుండా ఒకే ఊపులో రెండు గీతలు గీయాలి.

- కిందికి, అక్కడి నుంచి ఎడమకు: వెనక్కి.
- పైకి, అక్కడి నుంచి ఎడమకు: హోమ్.
- ఎడమకు, అక్కడి నుంచి పైకి: ఇటీవల వాడిన యాప్‌లు.
- కుడికి, అక్కడి నుంచి కిందికి: నోటిఫికేషన్లు.
- కిందికి, అక్కడి నుంచి కుడికి: టాక్‌బ్యాక్ మెనూ. మూడు వేళ్లతో ఒక్కసారి తట్టినా ఇదే వస్తుంది.

ఇక్కడ తప్పు జరిగేది మలుపులో. మూల దగ్గర వేలు ఆగితే ఫోన్ దాన్ని వెతుకులాట అనుకుంటుంది. మూలను గుండ్రంగా తిప్పితే మామూలు స్వైప్ అనుకుంటుంది. "ఎల్" అక్షరం గీసినట్టు నిటారుగా దిగి, ఆగకుండా పక్కకు తిరగాలి. గీతలు రెండూ దాదాపు ఒకే పొడవుంటే మేలు, బొటనవేలి పొడవు చాలు. ఫోన్ చేతిలో వంకరగా పట్టుకుంటే మీరు కిందికి అనుకున్నది ఫోన్‌కు ఏటవాలు అవుతుంది. మొదట్లో బల్ల మీద నిటారుగా పెట్టి సాధన చేయండి.

వేళ్లలో వణుకు ఉన్నవారికి, పెద్దవయసువారికి ఇవి నిజంగానే కష్టం. అలాంటప్పుడు వీటితో పట్టుపట్టకండి. ఫోన్ సెట్టింగ్స్‌లో నావిగేషన్‌ను మూడు బటన్ల పద్ధతికి మార్చండి. అడుగున వెనక్కి, హోమ్, ఇటీవలివి అని మూడు బటన్లు ఎప్పుడూ ఒకే చోట ఉంటాయి, వేలితో తాకి డబుల్ ట్యాప్ చేస్తే చాలు. మా సలహా అయితే అందరూ మొదటి నెల ఈ బటన్లతోనే గడపడం మంచిది.

అయిదో భాగం: చదవడం

పొడవైన మెసేజ్‌నో, వార్తనో మొత్తం వినాలంటే టాక్‌బ్యాక్ మెనూ తెరిచి "పై నుంచి చదువు" అనే అర్థం వచ్చే అంశం ఎంచుకోండి. "తర్వాతి అంశం నుంచి చదువు" కూడా అక్కడే ఉంటుంది.

దీనికంటే ముఖ్యమైనది రీడింగ్ కంట్రోల్స్. చాలామంది దీన్ని తెలియకుండానే కదిపేసి, ఫోన్ పాడైందనుకుంటారు. మూడు వేళ్లతో పైకో కిందికో స్వైప్ చేస్తే అక్షరాలు, పదాలు, వాక్యాలు, శీర్షికలు, లింకులు, వేగం అని ఒక్కొక్కటీ వినిపిస్తాయి. ఒకదాని దగ్గర ఆగి, ఒకే వేలితో కిందికి స్వైప్ చేస్తే ఆ లెక్కన ముందుకు పోతుంది, పైకి చేస్తే వెనక్కి. వార్తల పేజీలో శీర్షికలు పెట్టుకుంటే వార్త నుంచి వార్తకు గెంతవచ్చు, మధ్యలో మెనూలూ ప్రకటనలూ దాటిపోతాయి.

ఫోన్ నంబరు వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. పది అంకెలను ఫోన్ ఒక్కోసారి కోట్లు, లక్షలు అని ఒకే సంఖ్యలా చదివేస్తుంది. అప్పుడు అక్షరాలు అన్న కంట్రోల్ పెట్టుకుని ఒకే వేలితో కిందికి స్వైప్ చేయండి. తొమ్మిది, నాలుగు, సున్నా అని ఒక్కో అంకె విడిగా చెబుతుంది. అర్థం కాని పేర్లకూ, వెబ్ చిరునామాలకూ ఇదే మందు. ఓటీపీ వచ్చినప్పుడు కూడా ఇలాగే, ఇయర్‌ఫోన్ పెట్టుకుని చదువుకోండి.

ఆరో భాగం: రాయడం

1. రాసే పెట్టె మీదికి వెళ్లి డబుల్ ట్యాప్ చేయండి. కీబోర్డు వచ్చిందని చెబుతుంది. అది స్క్రీన్ అడుగు భాగంలో, దాదాపు మూడో వంతు ఉంటుంది.

2. వేలు ఆనించి జరుపుతూ అక్షరం వెతకండి. గూగుల్ వారి కీబోర్డు జీబోర్డ్‌లో కావలసిన అక్షరం విన్నాక వేలు ఎత్తితే అది పడుతుంది. తప్పు అక్షరం మీదున్నప్పుడు భయపడి వేలు ఎత్తకండి, ఎత్తితే అదే పడిపోతుంది. వేలు ఆనించే ఉంచి సరైన దాని దాకా జరపండి. అసలేమీ రాయకూడదనుకుంటే వేలిని కీబోర్డు పైకి జరిపి ఎత్తండి. కొన్ని కీబోర్డుల్లో వేలు ఎత్తడం చాలదు, డబుల్ ట్యాప్ కావాలి.

3. తుడిచే కీ కీబోర్డు కుడి అంచున, అడుగు నుంచి రెండో వరుసలో ఉంటుంది. తుడిచిన అక్షరం పేరు చెబుతుంది, తప్పక వినండి.

4. మధ్యలో ఒక అక్షరం తప్పు పడితే మొత్తం తుడవనక్కర్లేదు. రీడింగ్ కంట్రోల్‌ను అక్షరాలకు మార్చి, పైకీ కిందికీ స్వైప్ చేస్తూ కర్సర్‌ను ఆ అక్షరం దాకా తీసుకెళ్లి తుడవండి.

తెలుగు రాయడానికి జీబోర్డ్‌లో రెండు దారులున్నాయి. తెలుగు అక్షరాల కీబోర్డులో ఒత్తులూ గుణింతాలూ వేలితో వెతకడం మొదట్లో చాలా నెమ్మది. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగులోకి మార్చే కీబోర్డు, ఆ అక్షరాల చోట్లు తెలిసినవారికి సులువు, కానీ అది సూచించిన మాటను విని సరిచూసుకోవాలి. రెండూ వద్దనుకుంటే కీబోర్డు పై వరుసలోని మైక్ గుర్తు మీద డబుల్ ట్యాప్ చేసి చెప్పండి, అదే రాసుకుంటుంది. నేర్చుకునేటప్పుడు మైక్‌నే ముందు పెట్టుకోమంటాం. కాకపోతే మైక్ మొదలయ్యాక టాక్‌బ్యాక్ మాట పూర్తయ్యే దాకా ఆగండి, లేదంటే దాని మాటలు కూడా మీ మెసేజ్‌లోకి చేరవచ్చు. ఇక్కడ కూడా ఇయర్‌ఫోన్ అక్కరకొస్తుంది. పంపే ముందు రాసినదాన్ని ఒక్కసారి వినడం మానకండి.

ఏడో భాగం: పేరు లేని బటన్లు, బొమ్మలు

కొన్ని యాప్‌లలో బటన్ మీదికి వెళ్తే "అన్‌లేబుల్డ్ బటన్" అంటుంది. యాప్ తయారుచేసినవారు దానికి పేరు రాయలేదన్నమాట, తప్పు మీది కాదు. ఒకసారి చూపున్నవారిని అడిగి అది ఏ బటనో తెలుసుకుని, దాని మీద ఫోకస్ ఉంచి టాక్‌బ్యాక్ మెనూ తెరవండి. పేరు పెట్టే అంశం ఉంటే "పంపు" అనో, "కెమెరా" అనో మీరే రాసుకోవచ్చు. ఇకపై ఆ పేరే చదువుతుంది. యాప్ పెద్దగా మారితే ఈ పేర్లు పోవచ్చు. ఆ యాప్ వారికి ఒక ఫిర్యాదు కూడా పంపండి. అసలు మరమ్మతు జరగాల్సింది అక్కడే.

బొమ్మల విషయంలో కొత్త వెర్షన్లు మెనూలోంచే బొమ్మలో ఏముందో వివరిస్తాయి. కాగితాలు, డబ్బాల మీద రాతలు చదవడానికి గూగుల్ వారి లుకవుట్, మైక్రోసాఫ్ట్ వారి సీయింగ్ ఏఐ ఉన్నాయి. మనిషి సాయమే కావాలంటే బీ మై ఐస్ యాప్‌లో చూపున్న వాలంటీర్ వీడియో కాల్‌లో మీ కెమెరా ముందున్నది చూసి చెబుతారు. మందు చీటీ మీద మోతాదులాంటివి యాప్ చదివినదాన్ని మాత్రమే నమ్మకండి. బ్యాంకు కార్డు, పిన్, ఓటీపీ అలాంటి కాల్‌లో కెమెరా ముందు పెట్టకండి.

ఒక హెచ్చరిక. స్క్రీన్ రీడర్‌కు స్క్రీన్ మీదున్నదంతా తెలుస్తుంది. కాబట్టి యాక్సెసిబిలిటీ అనుమతి అడిగే ప్రతి యాప్‌కూ ఒప్పుకోవద్దు. ఎవరో పంపిన ఫైల్ నుంచి స్క్రీన్ రీడర్ పెట్టుకోవద్దు.

ఏదైనా తేడా వస్తే

*కంపిస్తోంది, టిక్ అంటోంది, మాట మాత్రం లేదు.* వేలితో స్క్రీన్ తాకుతూ వాల్యూమ్ పెంచే బటన్ నొక్కండి. టాక్‌బ్యాక్ గొంతుకు వేరే వాల్యూమ్ ఉంటుంది, పాటల వాల్యూమ్ పెంచితే ఇది పెరగదు. అయినా రాకపోతే బ్లూటూత్ ఇయర్‌ఫోన్ ఎక్కడో కనెక్ట్ అయి మాట అందులోకి పోతోందేమో చూడండి. తర్వాత ఫోన్ రీస్టార్ట్ చేయండి.

*నిన్నటిదాకా తెలుగు, ఇవాళ ఇంగ్లిష్.* అప్‌డేట్ తర్వాత గొంతు భాష మారి ఉండవచ్చు. మొదటి భాగంలోని రెండో పనిని మళ్లీ చేయండి. రీడింగ్ కంట్రోల్స్‌లో భాష అన్న అంశం ఉంటే, పొరపాటున స్వైప్ చేసి దాన్ని మార్చేశారేమో కూడా చూడండి.

*పైకీ కిందికీ స్వైప్ చేస్తే ఏమీ జరగడం లేదు.* రీడింగ్ కంట్రోల్ లింకుల మీదో శీర్షికల మీదో ఉంది, ఆ పేజీలో అవి లేవు. మూడు వేళ్లతో స్వైప్ చేసి మార్చండి.

*మాట మరీ ఎక్కువ చెబుతోంది.* "తెరవడానికి డబుల్ ట్యాప్ చేయండి" లాంటి సూచనలు మొదటి రెండు వారాలు ఉండనివ్వండి. తర్వాత టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లో వెర్బోసిటీకి వెళ్లి తీసేయండి.

*స్క్రీన్ నల్లగా ఉంది, మాట వస్తోంది.* టాక్‌బ్యాక్ మెనూలో "హైడ్ స్క్రీన్" అని ఉంటుంది. పక్కవాళ్లు చూడకుండా పెట్టుకునే ఏర్పాటు అది. అదే మెనూలో "షో స్క్రీన్" ఎంచుకుంటే వెలుగు తిరిగొస్తుంది.

*అంతా గందరగోళమైంది.* టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లో అడుగున రీసెట్ ఉంటుంది. అది టాక్‌బ్యాక్‌లో మీరు మార్చినవాటినే మొదటికి తెస్తుంది, ఫోన్‌లో ఫొటోలకూ నంబర్లకూ ఏమీ కాదు.

*చూపున్నవారి ఫోన్లో పొరపాటున ఆన్ అయింది.* రెండు వాల్యూమ్ బటన్లూ మూడు సెకన్లు పట్టుకోండి. షార్ట్‌కట్ పెట్టుకోకపోతే గూగుల్ అసిస్టెంట్‌తో "టర్న్ ఆఫ్ టాక్‌బ్యాక్" అనండి. అదీ లేకపోతే సెట్టింగ్స్ దాకా ఒక తట్టు ఎంచుకోవడానికి, రెండు తట్లు తెరవడానికి, రెండు వేళ్లు జరపడానికి అన్న పద్ధతిలో వెళ్లి ఆఫ్ చేయండి.

కుదిరిందో లేదో చూసుకోవడం

వారం తర్వాత హైడ్ స్క్రీన్ పెట్టి ఈ పనులు ఎవరి సాయమూ లేకుండా చేసి చూడండి.

1. టైమ్, బ్యాటరీ ఎంతుందో తెలుసుకోవడం.
2. ఒకరికి కాల్ చేసి, మీరే ముగించడం. వచ్చిన కాల్ ఎత్తడం.
3. ఒక తెలుగు మెసేజ్ చివరిదాకా వినడం.
4. అందులోని ఫోన్ నంబరును అంకె అంకెగా చదివి చెప్పడం.
5. ఒక వాక్యం జవాబు రాసి, విని, సరిచేసి పంపడం.
6. తెలియని యాప్‌లోకి వెళ్లి, తిరిగి హోమ్‌కు రావడం.
7. టాక్‌బ్యాక్ ఆపి, మళ్లీ ఆన్ చేయడం.

ఏది తప్పిందో దాన్నే మళ్లీ సాధన చేయండి. రెండోది కుదరకపోతే తప్పు దాదాపు ఎప్పుడూ రెండు వేళ్ల డబుల్ ట్యాప్‌లోనే ఉంటుంది: ఒక వేలు ముందు, ఒక వేలు తర్వాత పడుతోంది. సాధన పేజీకి వెళ్లి పదిసార్లు చేసి, ఎన్నిసార్లు సరిగా గుర్తించిందో లెక్కపెట్టండి. తొమ్మిది వస్తే చాలు. ఆరోది కుదరకపోతే మూడు బటన్ల పద్ధతికి మారండి.

ఐఫోన్ వాడేవారికి

అక్కడ స్క్రీన్ రీడర్ పేరు వాయిస్‌ఓవర్, 2009లో ఐఫోన్ 3జీఎస్‌తో వచ్చింది. యాక్సెసిబిలిటీ షార్ట్‌కట్‌లో వాయిస్‌ఓవర్ పెట్టుకుంటే పక్క బటన్, పాత ఫోన్లలో హోమ్ బటన్, మూడుసార్లు నొక్కి ఆన్, ఆఫ్ చేయవచ్చు. ముట్టుకోవడం, స్వైప్, డబుల్ ట్యాప్ పైన చెప్పినట్టే. తేడాలు ఇవి: పేజీ జరపడానికి మూడు వేళ్లు కావాలి. రీడింగ్ కంట్రోల్స్ బదులు రోటర్ ఉంటుంది, రెండు వేళ్లు ఆనించి సీసా మూత తిప్పినట్టు తిప్పాలి. వెనక్కి రావడానికి రెండు వేళ్లతో "జెడ్" గీయాలి. మూడు వేళ్లతో మూడుసార్లు తడితే స్క్రీన్ నల్లబడుతుంది, ఫోన్ చెడిపోయిందని కంగారుపడకండి, మళ్లీ అలాగే తడితే వెలుగొస్తుంది. గొంతు సంగతి వాయిస్‌ఓవర్ సెట్టింగ్స్‌లో స్పీచ్ కింద ఉంటుంది. అక్కడి భాషల జాబితా తెరిచి, తెలుగు చేర్చుకున్నాకే సాధన మొదలుపెట్టండి.